ముసుగు కుర్చీ

బ్రెక్ ఇంట్లో పోయినవాళ్ళు నడుస్తారని ఎవరైనా అంటే మెరన్ నవ్వి ఊరుకునేది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఓర్క్నీ దీవుల్లో ప్రతి పొలానికీ ఓ పేరుంటుంది, ప్రతి పేరు వెనకా ఓ దయ్యముంటుంది. వాటికి జడుసుకుంటూ కూర్చుంటే గొడ్లకి మేత వేసేదెవరు? అలాంటి మనిషి ఆ డిసెంబరు మధ్యాహ్నం చేతిలో టీ కప్పుతో నడవాలో నిలబడిపోయింది. వాకిలి నుంచి వంటింటి దాకా పలకరాళ్ళు పరిచిన నడవా అది. వెనక ఎవరో నడుస్తున్నారు. ఒక అడుగు గట్టిగా పడుతోంది, రెండోది రాతి మీద ఈడుస్తోంది. టప్పు, సర్రు. టప్పు, సర్రు. ఆ నడక ఆమెకు తెలుసు. చిన్నప్పుడు అదే నడవాలో, తలుపు చాటున నక్కి విన్న నడక అది. టొమీమా పెద్దమ్మది.

మెరన్ ఆగితే చప్పుడూ ఆగింది. తిరిగి చూస్తే గోడకి వేలాడే వానకోట్లు, కింద బురద బూట్లు. అంతే.

టొమీమా ఆమె తల్లికి అక్క. మెరన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. ఊళ్ళో ఆమెకు మిగిలిన పేరు ఒక్కటే, తాగుబోతు. చర్చికి పోతూ గోడలు పట్టుకునేదట. పట్టపగలు పడవల రేవులో బోర్లా పడిందట. మాట ముద్దముద్దగా వచ్చేదట. చివరి ఏళ్ళన్నీ పొయ్యి వైపు తిప్పిన ముసుగు కుర్చీలోనే గడిపింది. ఓర్క్నీ కుర్చీకి కూర్చునేది చెక్క, వీపంతా గడ్డి. చలిగాలి తగలకుండా ఆ గడ్డి వీపుని తల మీదుగా ముందుకు వంచి కుడితే ముసుగు కుర్చీ అవుతుంది. అందులో కూర్చున్న మనిషికి పొయ్యి కనిపిస్తుంది, తలుపు కనిపించదు. తలుపు తీసుకుని వచ్చినవాళ్ళకి గడ్డి తప్ప మనిషి కనిపించదు. పెద్దమ్మ ముఖం మెరన్‌కి గుర్తులేదు. గుర్తున్నదల్లా గడ్డి పక్కనుంచి బయటికి వచ్చి, వణుకుతూ, కప్పు కోసం తడుముకునే చెయ్యి. ఆ చేతికి భయపడి మెరన్ ఏనాడూ కప్పు అందించలేదు.

ఆ కుర్చీలకి కూర్చునే పలక కింద సొరుగు ఉంటుంది. సొరుగులో బైబిలైనా ఉండాలి, సీసా అయినా ఉండాలి అని ఇక్కడ వేళాకోళమాడతారు. పరామర్శకు వచ్చిన చర్చి పెద్ద ఒకాయన టొమీమా సొరుగు లాగి చూశాడట. ఆ తర్వాత ఆమెను ప్రభురాత్రి భోజనానికి పిలవడం మానేశారు.

విచిత్రమేమంటే, ఇప్పుడు మెరన్ బతుకుతున్నది ఆ కుర్చీల మీదే. చెక్క పని రేవు దగ్గరుండే డేవో చేస్తాడు, గడ్డి పని ఈమెది. నల్ల ఓట్స్ పైరు గడ్డిని గుప్పెడు గుప్పెడు పేర్చి, ఒక వరసని కింది వరసకి దబ్బనంతో, పురికొసతో బిగించి కుట్టుకుంటూ పైకి పోవాలి. బిగువు కంటితో తెలిసేది కాదు, వేళ్ళకి తెలియాలి. కిందటి శీతాకాలం ఒకనాడు ఎండుగడ్డి మీద ఎర్రటి మరక కనిపించింది. ఎక్కడిది ఈ రక్తం అని వెతికితే, దబ్బనం తన బొటనవేలి పక్కన గుచ్చుకుని ఉంది. నొప్పి అన్నదే లేదు. తన చెయ్యి తనది కానట్టు దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

అప్పటికే చిన్న చిన్న సంకేతాలు చాలా వచ్చాయి. మన మెరన్ ప్రతిదానికీ ఓ సాకు సిద్ధంగా పెట్టుకుంది. ఏడేళ్ళ కింద ఒక కన్ను తిప్పితే నొప్పెట్టి, ఎరుపు రంగు వెలిసిన గుడ్డలా కనిపించింది. నెలకి అదే తగ్గింది, పొగ పడి ఉంటుందిలే అనుకుంది. కుట్టడానికి మెడ వంచితే నడినెత్తి నుంచి నడుము దాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే, కూర్చుని చేసే పని కదా అనుకుంది. వేడినీళ్ళ స్నానం చేసి లేస్తే కాళ్ళు పిండిముద్దలై కళ్ళు మసకలు కమ్మితే, వయసు అనుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళంతా తడిసిన గడ్డిమోపులా బరువెక్కితే, దానికి సాకు దొరకలేదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

అయితే రక్తం చూసింది ఆమె ఒక్కతే కాదు, ఎర్లెండ్ కూడా చూశాడు. ఎర్లెండ్ ఆమె మొగుడు, నోట్లో నాలుక లేని మనిషి. మాట్లాడకుండానే ఆమెను విమానమెక్కించి ఆబర్డీన్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెట్టి తల లోపలికి ఫొటోలు తీశారు. వెన్నులోంచి నీరు తీశారు. జబ్బు పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ పేరు ఈ దీవుల్లో కొత్తది కాదు. ఫలానావాళ్ళ అల్లుడికి, ఫలానావాళ్ళ చిన్నమ్మాయికి అని గొంతు తగ్గించి చెప్పుకునే పేరే. దాన్ని పూర్తిగా పలకరు, ఎం.ఎస్. అని పొడి అక్షరాలతో సరిపెడతారు.

కిర్క్‌వాల్‌లో ఆ జబ్బు కోసమే ఉన్న నర్సు రోనా. పొరుగు దీవి పిల్ల, అన్నీ విప్పి చెప్పింది. "నరాల మీద తొడుగు ఉంటుంది మెరన్. మీ ఒంటిని కాపాడాల్సిన కణాలే ఆ తొడుగుని పరాయిదనుకుని కొరికేస్తున్నాయి. కొరికినచోట కబురు ఆగిపోతుంది. చెయ్యి బాగానే ఉంది, కాలూ బాగానే ఉంది. వాటికి కబురే అందట్లేదు."

"గడ్డి బాగానే ఉంది, పురికొస తెగింది. అంతేనా?" అంది మెరన్.

"అంతే. ఆర్నెల్లకోసారి పూట పూటంతా సెలైన్‌లా మందు ఎక్కిస్తాం. తెగినదాన్ని అది అతకదు. ఇక మీద తెగకుండా చూస్తుంది. అదైనా పూర్తిగా ఆపుతుందని ప్రమాణం చెయ్యలేను. జలుబూ జ్వరాలూ మాత్రం తొందరగా పట్టుకుంటాయి, జాగ్రత్తగా ఉండాలి. ఎంత ముందు మొదలెడితే అంత మిగులుతుంది."

"మా పెద్దమ్మకి..." అని మెరన్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ గదిలో, ఆ క్షణాన, గోడలు పట్టుకుని నడిచే ఒక తాగుబోతు ఆమె కళ్ళ ముందు మొదటిసారి వేరేగా నడిచింది. వెన్ను జలదరించింది. మెడ వంచకుండానే.

ఆలోచించుకుని చెప్తానంది. అది వసంతం. వేసవి పోయింది, కోతలూ పోయాయి. రోనా ఫోన్ చేసినప్పుడల్లా ఓ అడ్డం చెప్పింది. ఎవరికీ చెప్పనని ఎర్లెండ్ చేత ఒట్టు వేయించుకుంది. కిర్క్‌వాల్‌లో పంతులమ్మగా ఉన్న కూతురు థోరాకి కూడా చెప్పొద్దంది. మందంటే ఆమెకి భయం లేదు. ఒక్కసారి ఆ పేరు ఒప్పుకుంటే ఆ కుర్చీలోకి మొదటి అడుగు వేసినట్టేనని ఆమె భయం. పొయ్యి వైపు తిప్పేస్తారు. జాలిగా, మెత్తగా, తన మంచి కోసమే తిప్పేస్తారు.

నవంబరులో కోతల విందు జరిగింది. ఊరంతా హాల్లో చేరి తిని, తాగి, వరసలు కట్టి నాట్యమాడారు. మూడో పాటకి మెరన్ ఎడమ కాలు పాదం దగ్గర వేలాడిపోయింది. నలుగురి మధ్యలో దబ్బున పడింది. పాట ఆగింది. అందరి కళ్ళూ ఆమె మీదే. అప్పుడు డేవో గట్టిగా అరిచాడు, "ఏంటి మెరన్, నేలని ఎవరు కదిలించారు?"

"నువ్వే కదరా నాకు పోసింది! పోసి పోసి ఇప్పుడు నన్నడుగుతావేం?" అని మెరన్ కిందనుంచే అరిచింది. హాలంతా గొల్లున నవ్వింది. ఎవరో చెయ్యిచ్చి లేపారు, పాట మళ్ళీ మొదలైంది. నిజానికి ఆ సాయంత్రం ఆమె తాగింది అర గ్లాసు.

ఎంత సుళువుగా తేలిపోయిందో! మర్నాటి నుంచి ఆమె సంచిలో ఓ చిన్న విస్కీ సీసా చేరింది. అంగడికి పోయే ముందు మెడగుడ్డకి నాలుగు చుక్కలు అద్దుకునేది. తడబడితే ముక్కులు ఎగబీల్చి నవ్వుకునేవాళ్ళు. ఎర్లెండ్‌కి మాత్రం కడుపు మండిపోయింది.

"టొమీమా తర్వాత నువ్వేనంటున్నారు ఊళ్ళో. వింటున్నావా?"

"అననీ. తాగుబోతుని చూసి నవ్వుతారు, నవ్వి వదిలేస్తారు. రోగిష్టిదాన్ని వదలరు."

"నిన్ను చూసి నవ్వుతుంటే నేను నిలబడి చూడాలా?"

అతను బాల్చీ తీసుకుని కొట్టంలోకి పోయాడు.

సరిగ్గా అప్పుడే, పాతకాలపు ముసుగు కుర్చీ లాంటిదే కావాలని కిర్క్‌వాల్ నుంచి ఎవరో డేవోని అడిగారు. అలాంటి ముసుగు ఇప్పుడు కుట్టేవాళ్ళు లేరు. చూసి కుట్టడానికి పాతది ఒక్కటే మిగిలింది, అది బ్రెక్ కొట్టం అటక మీద ఉంది. డేవో, ఎర్లెండ్ కలిసి దాన్ని దించి, దుమ్ము దులిపి, వంటింట్లో పొయ్యి పక్కన పెట్టారు. పెట్టాక మెరన్ చూసింది. ఎవరూ చెప్పకపోయినా సరిగ్గా పాత చోటే, పాత వైపే. నడవాలో అడుగుల చప్పుడు మొదలైంది ఆ మర్నాడే.

రోజూ వినిపించేవి. పొద్దున వినిపించేవి కావు. మధ్యాహ్నం దాటాక, ఒళ్ళు అలిసే వేళకి, మూడున్నరకే పొద్దు గుంకే ఆ శీతాకాలపు మసక వెలుతురులో వచ్చేవి. మెరన్ నడవాలోకి పోవడం తగ్గించింది. పోయినా వెనక్కి తిరగకుండా గబగబా పోయేది. గబగబా పోతే అవీ గబగబా వచ్చేవి. పెద్దమ్మా, నీకు కప్పు అందివ్వనందుకా ఇదంతా అని ఒకనాడు పైకే అనేసింది.

ఒకరోజు వాన వెలిశాక కోళ్ళకి గింజలు వేసి బురద కాళ్ళతో లోపలికొచ్చింది. టప్పు, సర్రు. వంటింటి గడప దగ్గర ఇక భరించలేక తిరిగి చూసింది. పలకరాళ్ళ మీద బురద గుర్తులున్నాయి. కుడి అడుగు చక్కగా అచ్చు దిగింది. ఎడమది అడుగు కాదు, పొడుగాటి చార. వాకిలి నుంచి ఆమె బూటు దాకా అలాగే వచ్చింది. ఇంకెవరి గుర్తులూ లేవు.

మామూలుగా దయ్యం లేదని తెలిస్తే మనిషికి గుండె కుదుటపడాలి. మెరన్‌కి పడలేదు. వెనక వచ్చేదాన్నుంచి పారిపోవచ్చు, సొంత కాళ్ళనుంచి ఎక్కడికి పోతుంది? దగ్గరున్నది ఆ కుర్చీయే. తడుముకుంటూ పోయి అందులో కూలబడింది. గడ్డి చెవుల రెండు పక్కలా కమ్ముకుంది. ఇంటి చప్పుళ్ళన్నీ దూరమయ్యాయి. ఎదురుగా పొయ్యి, అంతే. కింద సొరుగు కొద్దిగా తెరుచుకుని ఉంటే లాగింది. అందులో ఓ పాత సీసా, అడుగున ఎండిపోయిన గోధుమరంగు చార.

ఎంతసేపు కూర్చుందో. తలుపు చప్పుడైంది. ఎవరో లోపలికి వచ్చి, చేతికర్ర గోడకి ఆనించి, వెనకనుంచి మెల్లగా అన్నారు:

"టొమీమా, నేనేనే. గాలి చంపేస్తోంది బయట."

మెరన్ ముసుగు పక్కనుంచి తల బయటికి పెట్టి చూసింది. పొరుగింటి జేమ్సీనా అవ్వ. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, టొమీమాతో కలిసి చర్చిలో పాడినది. అవ్వ ముఖంలో రక్తం లేదు.

"నువ్వా పిల్లా!" అంది గుండె పట్టుకుని. "ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆ గడ్డితోనే మాట్లాడాను. నోటికి అదే వచ్చేసింది. ఇవాళ ఆదివారమేగా."

బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మెరన్ చేతిలో సీసాని చూసింది. చూసి, పొయ్యి వైపు తిరిగింది.

"వాసన చూశావా?"

"ఎండిపోయింది. ఏ వాసనా లేదు."

"ఉండదు. అది చల్లారిన టీ. పోసింది నేనే."

మెరన్‌కి అర్థం కాలేదు. అవ్వ తాపీగా, గొడ్డూ గోదా సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"మీ నాన్న పక్క దీవివాడు. మీ అమ్మంటే పడిచచ్చేవాడు. వాళ్ళమ్మ అడ్డుపడింది. బ్రెక్ వాళ్ళ ఇంట్లో కాళ్ళు పడిపోయే రోగం ఉంది, వాళ్ళ ముత్తవ్వ కూడా మంచానపడే పోయింది, ఆ ఇంటి పిల్ల వద్దంది. అప్పటికే మీ పెద్దమ్మకి అడుగు తడబడుతోంది. ఇంటిని చూసిపోదామని ఆవిడ పడవలో వస్తోందని తెలిసి, టొమీమా విస్కీ సీసా ఒకటి పట్టుకుని రేవుకి పోయింది. పడ్డం నిజమేనే. ఆ పడ్డాన్ని ఆపడం ఎలాగూ దాని చేతిలో లేదు. చేతిలో ఉన్నది సీసా ఒక్కటే."

"తాగుబోతుననిపించుకోడానికా?"

"తాగుడు మనిషికంటుకుంటుంది, రోగం ఇంటికంటుకుంటుంది అంది నాతో. ఆవిడ రేవులో దాన్ని చూసి మూతి తిప్పి, ఓస్, తాగుడేనా అంది. ఆ ఏడే పెళ్ళయింది. మీ నాన్న ఈ ఇంటికే ఇల్లరికం వచ్చాడు. తర్వాత నువ్వు."

పొయ్యిలో ఏదో విరిగి పడింది. మెరన్ సీసాని రెండు చేతులతోనూ పట్టుకుంది, ఒక చేతికే తెలుస్తోంది.

"ఊరికి తెలియదా?"

"ఎందుకు తెలియదూ? నోటి దగ్గర వాసన రాని తాగుబోతు ఎక్కడుంటుంది? అందరికీ తెలుసు. అది తనని తాగుబోతు అనమంది, మేం అన్నాం. మంచితనం అనుకున్నాం. చర్చి పెద్దకి కూడా తెలుసనే నా అనుమానం." అవ్వ పొయ్యిలో నిప్పు ఎగదోసింది. "చివరి ఏడు ఒక ఆదివారం నన్ను అడిగింది. జేమ్సీ, నన్ను తలుపు వైపు తిప్పవే, ఎవరొస్తున్నారో చూడాలనుంది అని. అప్పటికి మీ అమ్మ పెళ్ళయి పదేళ్ళు దాటింది. నువ్వు బడికి పోతున్నావు. దాచడానికి ఏం మిగిలిందని? అయినా నేను తిప్పలేదు. మీ అమ్మా తిప్పలేదు. తిప్పితే ముఖం చూడాలి కదా. దానికి టీ పోసిచ్చి ఇంటికి పోయాను. మళ్ళీ ఆదివారానికి అది లేదు."

ఇద్దరూ ఏడవలేదు. ఈ దీవుల వాళ్ళు ఏడవాల్సిన చోట గాలి సంగతి మాట్లాడతారు. గాలి ఉత్తరానికి తిరిగిందని అవ్వ, అవునని మెరన్ అన్నారు. తర్వాత అవ్వ ముందుకు వంగి మెరన్ మెడగుడ్డ కొస పట్టుకుని వాసన చూసింది.

"విస్కీ గుడ్డకుంది, నోటికి లేదు. నేనింకా చావలేదే పిల్లా, ముక్కు పనిచేస్తోంది. కోతల విందు నాడు నువ్వు పడిన తీరు నేను యాభై ఏళ్ళ కింద చూశాను. ఊళ్ళో నా ఈడువాళ్ళందరం చూశాం. చూసి నోరు మూసుకున్నాం. అది మాకు బాగా అలవాటు. అందుకే అడగడానికి వచ్చాను. నీ గురించి మమ్మల్నేం చెప్పుకోమంటావు? తాగుబోతు అనమంటే అంటాం. చచ్చేదాకా అంటాం. మాట తప్పం."

మెరన్‌కి భయం వేసింది. నడవాలో అడుగులు విన్నప్పటికంటే ఎక్కువ వేసింది. ఊరంతా కలిసి, ఒక్క చెడ్డ మాట లేకుండా, ప్రేమగా ఒక మనిషిని గడ్డిలో కుట్టేయగలదు. ఆ కుట్టు ఎంత బిగువో కుట్లు కుట్టే ఆమెకి తెలియనిదా! థోరా గుర్తొచ్చింది. రేపు ఆ పిల్లకి కన్ను నొప్పెడితే, ఎరుపు వెలిసిపోతే, అది ఎవరికి చెప్పుకుంటుంది? ఎవరూ చెప్పుకోని ఇంట్లో పుట్టినది.

"నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అవ్వా," అంది. పొడి అక్షరాలు కాకుండా మొత్తం పలికింది. "అదే చెప్పుకోండి."

"సరే," అంది అవ్వ. "అదే చెప్తాం."

"నన్ను తిప్పు."

జేమ్సీనా అవ్వ లేచింది. కుర్చీ వెనక్కి పోయి, గడ్డి మీద రెండు అరచేతులూ ఆనించి తోసింది. ఆ ముసలి ప్రాణానికి ఎక్కడిదో బలం. మెరన్ పనిచేసే కాలుతో నేలని తన్నింది. కుర్చీ కాళ్ళు పలకరాయి మీద సర్రున ఈడ్చుకుంటూ కదిలాయి. కొంచెం కొంచెంగా పొయ్యి పక్కకి పోయింది, గోడ వచ్చింది, కిటికీ వచ్చింది, చివరికి తలుపు వచ్చింది.

అదే తలుపులోంచి ఎర్లెండ్ బాల్చీతో లోపలికి వచ్చాడు. ముసుగు కింద తనవైపే చూస్తున్న ముఖం చూసి గడప మీదే ఆగిపోయాడు. బాల్చీలో పాలు ఒలికాయి.

"రోనాకి ఫోన్ చెయ్యి," అంది మెరన్. "కొత్త కుర్చీ కుట్టడం పూర్తయ్యేదాకా ఆగనని చెప్పు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు మందుకి వస్తా. థోరాకి నేనే చెప్తాను."

ఎర్లెండ్ తలూపాడు. బాల్చీ కింద పెట్టి, ముఖం చేతులతో తుడుచుకున్నాడు. చేతులు మురికివని గుర్తొచ్చి లాగుకి రాసుకున్నాడు.

అవ్వ మెరన్ సంచి వెతికి చిన్న సీసా బయటికి తీసింది. "టొమీమాకి ఏళ్ళ తరబడి చల్లారిన టీ తాగించాను, పాపిష్టిదాన్ని," అని గొణుక్కుంటూ అలమరలోంచి గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, మూడింట్లోనూ తలో కొంచెం పోసింది. ఒకటి మెరన్ చేతికిచ్చింది, తెలిసే చేతికి. ఒకటి తను తీసుకుంది. ఎర్లెండ్ మూడోదాని మీదికి చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒక్కటేసింది.

"అది నీక్కాదు," అంది. "నువ్వు వేరే తెచ్చుకో."